ఐదు తీగల యాక్టివ్ బేస్: డెల్టా ఉక్కలో కొన్నేళ్ళు వాయించాక

ఐదు తీగల బేస్ గిటారు కొనమని ఎవరు చెప్పినా మొదట ఊరించేది కింది బి తీగ గురించే. ఎంత లోతుగా మోగుతుందో, గుండెల్లో ఎలా తగులుతుందో అని. వాయించగా వాయించగా నాకు తేలిందేమిటంటే, ఆ లోతు మా స్టేజీల మీద ఎవరికీ వినపడదు. ఐదో తీగ అక్కరకొచ్చింది వేరే రెండు పనులకి.

వాయిద్యం సంగతి ముందు చెప్పేస్తా. లావు నుంచి సన్నానికి బి, ఇ, ఎ, డి, జి తీగలు, 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడుగు), 24 ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ పట్టీలు), ఐదు ముక్కలు అతికించిన నెక్, తీగ కదలికని పట్టే రెండు హంబకర్ (జంట కాయిల్) పికప్‌లు, బేస్, మిడ్, ట్రెబుల్ విడిగా పెంచి తగ్గించే, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే మూడు బ్యాండ్ల ప్రీయాంప్ (యాక్టివ్ అనేది ఇందుకే), బ్యాటరీ లేకుండా వాయించుకోడానికి పాసివ్ స్విచ్. ఇంచుమించు ఇవే కొలతలతో నాలుగైదు కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నేను పాలకొల్లు పక్కన ఉంటాను. సీజన్‌లో పెళ్ళి ఆర్కెస్ట్రాలు, ఆదివారం చర్చి, ఖాళీ దొరికితే ఒక కీబోర్డు, ఒక డ్రమ్ సెట్టు, ఒక మృదంగంతో కూర్చుని జాజ్, ఫ్యూజన్. ఈ నాలుగు రకాల పనీ ఒక్క బేస్ మీదే నడిచింది.

మొదటి లాభం శ్రుతి. మా దగ్గర పాడేవాళ్ళు సి షార్ప్ అనరు, ఒకటిన్నర అంటారు. డి అంటే రెండు, డి షార్ప్ అంటే రెండున్నర. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ, అంటే మూడు శ్రుతి. పాట ఒకటిన్నరలో పడిందంటే షడ్జమం కోసం ఎ తీగ మీద నాలుగో ఫ్రెట్‌కి ఎక్కాలి, ఇక దాని కింద ఇంకో షడ్జమం ఉండదు. ఐదు తీగలుంటే బి తీగ మీద రెండో ఫ్రెట్ ఒకటిన్నర, మూడో ఫ్రెట్ రెండు. స్టేజీ మీద గాయకుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి "తమ్ముడూ, అర తగ్గించు" అంటాడు, కీబోర్డాయన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి నవ్వుతూ కూర్చుంటాడు, మనమే చేత్తో దిగాలి. దిగడానికి చోటుండాలి కదా.

రెండో లాభం జాజ్ వాయించేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఎడమ చెయ్యి ఐదో ఫ్రెట్ దగ్గర పెట్టి నాలుగు వేళ్ళకి నాలుగు ఫ్రెట్లు ఇస్తే, బి తీగ మీద ఇ నుంచి జి తీగ మీద డి షార్ప్ దాకా, రెండు స్థాయిలకి అర స్వరం తక్కువగా, చెయ్యి జరపకుండానే దాదాపు అన్ని స్వరాలూ దొరుకుతాయి. బి ఫ్లాట్‌లో టూ-ఫైవ్-వన్ (జాజ్‌లో తరచూ వచ్చే మూడు కార్డుల వరస, ఇక్కడ సి, ఎఫ్, బి ఫ్లాట్) తీసుకోండి: సి ఇ తీగ మీద ఎనిమిదో ఫ్రెట్, ఎఫ్ కావాలంటే పైన ఎ తీగ మీద, లేదంటే కింద బి తీగ మీద, బి ఫ్లాట్ మళ్ళీ ఇ తీగ మీద ఆరో ఫ్రెట్. వాకింగ్ బేస్ (దెబ్బకో స్వరం చొప్పున నడిచే బేస్) స్పీడుగా పోతున్నప్పుడు పైకి పోవాలా కిందకి పోవాలా అన్నది చెవి చెప్తుంది, ఓపెన్ తీగ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. బి తీగ మీద ఓపెన్ బి నేను వాయించేది బహు తక్కువ, ఐదు నుంచి ఎనిమిది ఫ్రెట్ల మధ్యే దాని జీవితమంతా గడిచిపోతోంది.

ఓపెన్ బి దాదాపు 31 హెర్ట్జ్. ఇ 41. పెళ్ళి సౌండ్ వాళ్ళు తెచ్చే 15 అంగుళాల బాక్సులు 50 కిందకి దిగేసరికి నీరసపడతాయి. మనకి వినిపించేదంతా 62, 93 దగ్గరుండే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటే పుట్టే పై స్వరాలు), వాటిని బట్టి చెవే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అందుకే ప్రీయాంప్‌లో బేస్ నాబ్ (కింది స్వరాలని పెంచేది) పెంచడం దండగ. పెంచితే బాక్సు కోను ఊగుతుంది తప్ప స్వరం తెలియదు. నేను దాన్ని మధ్యలో, ఒక్కోసారి మధ్యకి కాస్త కిందే ఉంచుతాను.

అసలు సరుకంతా మిడ్‌లో, అంటే మధ్య స్వరాల నాబ్‌లో ఉంది. నా దాంట్లో మిడ్ ఎక్కడ పెంచాలో ఎంచుకోడానికి చిన్న స్విచ్ ఉంటుంది: 250, 450, 700 హెర్ట్జ్. కొన్న కొత్తలో దీన్ని అలంకారం అనుకునేవాళ్ళే ఎక్కువ, నాకు మాత్రం బేస్ మొత్తంలో ఇంత పనిచేసే భాగం ఇంకోటి లేదు. నెక్ వైపు పికప్, పాసివ్ మోడ్, టోన్ సగానికి తగ్గించి, కుడి అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి బొటనవేలితో మీటితే నిలువు బేస్‌కి దగ్గరగా ధప్ ధప్‌మని చిన్నగా ఆగే మోత వస్తుంది, బ్యాలడ్లకి అది చాలు. ఫ్యూజన్‌లో పదహారో వంతు స్వరాలు పరిగెత్తేటప్పుడు బ్రిడ్జి పికప్‌కి మారి, మిడ్ 700లో పెట్టి కొంచెం ఎత్తితే ప్రతి స్వరం విడివిడిగా పలుకుతుంది. పేరున్న బేసిస్టు జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ మోడల్) మీద, బ్యాటరీ గీటరీ లేకుండా, బ్రిడ్జి పికప్ దగ్గరే ఆ గొంతు తెచ్చుకున్నాడు, నిజమే. ఇంకో పెద్ద బేసిస్టు మార్కస్ మిల్లర్ తన 1977 జాజ్ బేస్‌లో వాయిద్యాల నిపుణుడు రోజర్ సడౌస్కీ చేత ప్రీయాంప్ పెట్టించుకున్నాడు, అదీ నిజమే. వాళ్ళకి మంచి యాంపులు, చెవి ఉన్న ఇంజినీర్లు దొరికారు. మాకు దొరికేది గాత్రం మీదే ధ్యాసంతా ఉండే మిక్సర్ కుర్రాడు. మన మిడ్ మన చేతిలో ఉండటం ఇక్కడ అవసరం.

450 ఎప్పుడంటే, కీబోర్డాయన ఎడమ చెయ్యి ఖాళీగా ఉండనప్పుడు. దానికన్నా పెద్ద బెడద కీబోర్డులో స్టైల్ (తనంతట తానే వాయించే తోడు వాయిద్యాలు), ఆన్ చేశారంటే అందులోనే ఒక బేస్ ట్రాక్ ఉంటుంది. నువ్వు డి వాయిస్తావు, మిషను కూడా డి వాయిస్తుంది, రెండూ కలిసి గుజ్జవుతాయి. ఏ బేస్ కొన్నా దీనికి మందు లేదు, రిహార్సల్‌లో మర్యాదగా "అన్నా, బేస్ ట్రాక్ మ్యూట్ చెయ్" అని అడగడమే.

హమ్ గురించి ఎవరూ రాయరు గానీ మన దేశంలో బేస్ వాయించేవాళ్ళకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మీద మూడో ఫ్రెట్ జి 49 హెర్ట్జ్, పక్కనున్న జి షార్ప్ సుమారు 52. అంటే ఎర్తింగ్ లేని జనరేటర్ మీద వచ్చే గుయ్యిమనే మోత ఐదు శ్రుతి, ఐదున్నర శ్రుతి మధ్యలో కూర్చుంటుంది. ఐదు శ్రుతి పాటయితే అపశ్రుతి తంబురాలా వెనకాల మోగుతూనే ఉంటుంది. హంబకర్లు పికప్ పట్టే హమ్‌ని చాలా వరకు కొట్టేస్తాయి, పాత సింగిల్ కాయిల్ బేస్‌తో పోలిస్తే ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. మిక్సర్‌కీ మన యాంపుకీ మధ్య ఎర్త్ లూప్ వల్ల వచ్చే హమ్‌ని మాత్రం ఏ పికప్పూ ఆపలేదు. దానికి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఎర్త్ లూప్‌ని తెంచేది) ఉన్న డీఐ బాక్స్, అంటే బేస్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా ఒకటి సంచిలో పడేసుకోండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే వాళ్ళున్నారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు, తీగల మీద చెయ్యి, మైకు మీద మూతి, షాక్ కొడుతుంది.

ఇక వాతావరణం. వేసవి ఆఖరున ఉక్క, తర్వాత వానలు, అంతర్వేది వైపు ప్రోగ్రాంకి వెళ్తే దానికి తోడు ఉప్పుగాలి. నికెల్ తీగలు వేసిన వారానికే మెరుపు పోయి మొద్దుగా పలుకుతాయి. పూత ఉన్న తీగలు ఎక్కువ కాలం ఆగుతాయి గానీ వేలి కింద జారుడుగా ఉంటాయి, స్లైడ్‌లు చేసేటప్పుడు నాకు అది నచ్చదు. మామూలు తీగల్ని విప్పి పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ వేస్తే కొన్నాళ్ళు గొంతు తిరిగొస్తుంది, ఇది బేస్ వాయించేవాళ్ళ పాత చిట్కానే, ఆరబెట్టడంలో బద్ధకిస్తే మాత్రం తుప్పే. జాజ్ ఎక్కువ వాయించే నెలల్లో ఫ్లాట్‌వౌండ్లు (చదును రేకు చుట్టిన నున్నటి తీగలు) వేసేస్తాను. వాటికి పోవడానికి మెరుపే ఉండదు, డెల్టాకి అవే సుఖం. బ్రిడ్జి మీద చిన్న అలెన్ స్క్రూలు తుప్పు పట్టి తిరగకుండా పోతాయి, అప్పుడప్పుడు ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అవి పీల్చుకున్నాక వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు.

ఐదు ముక్కల నెక్ కదలదని చెబుతారు. తక్కువ కదులుతుంది, అంతే. సీజన్ మారినప్పుడల్లా నా దాంట్లో తీగల ఎత్తు మారుతుంది. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టుకుని ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడండి, విజిటింగ్ కార్డు మందం ఉంటే బాగున్నట్టే. ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపుని సరిచేసే కడ్డీ) పావు చుట్టు బిగించి, ఆ రాత్రికి వదిలేసి, పొద్దున మళ్ళీ చూడాలి. ఒకేసారి బిగించే తొందర వద్దు. ఇక్కడ బేస్ సెటప్ చేసే మనిషి ప్రతి ఊళ్ళో దొరకడు, ఈ ఒక్క పనీ నేర్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

బ్యాటరీ సంగతి చిన్నదే. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ప్రీయాంప్ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. చిన్న ఊళ్ళ షాపుల్లో దొరికే 9 వోల్టులవి ఎక్కువగా హెవీ డ్యూటీ అని రాసి ఉండే జింక్ కార్బన్ రకం, ఆల్కలైన్ అంత కాలం రావు. అయిపోబోతుంటే గొంతు పగిలినట్టు వస్తుంది, వెంటనే పాసివ్ స్విచ్ వేసుకుని పాట పూర్తి చెయ్యొచ్చు. స్విచ్ లేని మోడల్ కొనకండి.

నచ్చనిది తీగల మధ్య దూరం. బ్రిడ్జి దగ్గర 16.5 మిల్లీమీటర్లు. వేళ్ళతో మీటేటప్పుడు, తీగ నుంచి తీగకి దూకేటప్పుడు ఇది హాయి. స్లాప్‌కి (బొటనవేలితో కొట్టి, చూపుడు వేలితో లాగి వదిలే పద్ధతి) వచ్చేసరికి బొటనవేలు పక్క తీగని రాసుకుంటుంది, చూపుడు వేలు డి కింద దూరడానికి చోటు చాలదు. స్లాపే మీ ప్రాణమైతే 19 మిల్లీమీటర్లది చూసుకోండి, నెక్ వెడల్పవుతుంది మరి.

మా ఫ్యూజన్ గురించి. 1969లో మా పాలకొల్లులోనే పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు వదిలేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలన్నీ పలికించారు, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి అనే ఫ్యూజన్ బృందంలో వాయించారు. మా ఊళ్ళో ఐదు తీగలు అనగానే పెద్దవాళ్ళు ఆయన్నే తలుచుకుంటారు, "నీది కూడా అలా పలుకుతుందా" అని అడుగుతారు. పలకదు. అంత పొడుగు, అంత లావు తీగని ఫ్రెట్ మీద లాగి తోడి గాంధారం ఊపడం నా వేళ్ళ వల్ల కాదు. హంసధ్వని, మోహనం, హిందోళం స్లైడ్‌లతో గౌరవంగా వస్తాయి. వరాళి, సహానా జోలికి పోను. దానికి ముందు మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లే నడిపిన 1970ల నాటి శక్తి బృందంలో అసలు బేస్ గిటారే లేదు, మృదంగంతో కూర్చున్నాక ఎందుకో నాకు అర్థమైంది: మృదంగం ఎడమ మూత, బేస్ రెండూ ఒకే చోట పడతాయి. మిశ్రచాపులో తకిట తకదిమి నడుస్తుంటే నేను తకిట మొదట్లో ఒకటి, తకదిమి మొదట్లో ఒకటి వేసి మిగతాది ఆయనకి వదిలేస్తా. అప్పుడు బేస్ నాబ్ ఇంకా తగ్గించి 250 మిడ్ వైపు వెళ్తే ఇద్దరం వినపడతాం.

గమకాల కోసం ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని బేస్) తీసుకోమని కొందరంటారు. పట్టి చూశాను, గమకం వస్తుంది, కానీ పక్కనే డీజే బాక్సులు మోగుతున్న స్టేజీ మీద మన స్వరం మనకే వినపడనప్పుడు శ్రుతి నిలబెట్టడం చాలా కష్టం. ఇంట్లో వాయించుకునే వాళ్ళయితే తప్పకుండా తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు బి తీగ మీద ఐదో ఫ్రెట్ ఇ, ఇ తీగ ఓపెన్ ఒకదాని తర్వాత ఒకటి వాయించి చూడండి, రెండిటి గొంతూ దగ్గరగా ఉండాలి. బి తీగ మీది ఇ బురదగా ఉంటే కొత్త తీగలు వేయించి మళ్ళీ వినండి, అప్పటికీ అలాగే ఉంటే వదిలేయండి. తర్వాత అమ్మేవాళ్ళని అడిగి ట్రస్ రాడ్ నట్ రెండు వైపులా కొంచెం తిప్పి చూడండి. సముద్రానికి దగ్గర్లో వాడిన వాటిలో అది తుప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు. తిరగకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.