ఇంటి నుంచే ఫార్మా కన్సల్టింగ్ ఇంటర్న్‌షిప్: ఆరు నెలలు చేశాక నా మాట

ఫార్మ్.డి (ఆసుపత్రి వార్డుల్లోనూ పని నేర్పే ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) ఐదో ఏడాదిలో ఉండగా, 2024 జూన్ నుంచి నవంబరు దాకా, ఒక కన్సల్టింగ్ కంపెనీకి ఇంటి నుంచి ఇంటర్న్‌షిప్ చేశాను. చేరాలా వద్దా అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను.

ముందు పని ఏంటో చెప్తాను, ఎందుకంటే చేరేముందు నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒక మందుల కంపెనీ ఏదో జబ్బుకి మందు తేవాలనుకుంటుంది. రోగులు ఎంతమంది, ఇప్పుడు ఏం వాడుతున్నారు, పోటీ కంపెనీలు ట్రయల్స్‌లో (మనుషుల మీద చేసే మందు పరీక్షల్లో) ఏ దశలో ఉన్నాయి, ఎవరి పేటెంట్ ఎప్పుడు అయిపోతుంది, ఇవన్నీ తేల్చమని కన్సల్టెంట్లని అడుగుతుంది. వెతికే పని ఇంటర్న్‌ది. ట్రయల్స్ వివరాలుండే అమెరికా వెబ్‌సైటు క్లినికల్‌ట్రయల్స్.గవ్‌లో ఒక్కో ఎన్‌సీటీ నంబరు (ట్రయల్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) తెరిచి ఎక్సెల్‌లోకి ఎక్కించాలి, అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వాళ్ల జాబితా ఆరెంజ్ బుక్‌లో పేటెంట్ గడువులు చూడాలి, వైద్య పరిశోధనల వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో పేపర్లు చదవాలి. మొదటి నెల మొత్తం ఇదే, విసుగొస్తుంది.

నాకిచ్చిన ప్రాజెక్టు సికిల్ సెల్ మీద, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి నొప్పులు తెచ్చే వంశపారంపర్య జబ్బు. మాది భద్రాచలం వైపు. ఏజెన్సీ ఊళ్ల నుంచి ఆ నొప్పులతో వచ్చే పిల్లల్ని వార్డులో చూశాను, అందుకే ఇది నాకు ఊరికే ఒక ప్రాజెక్టులా అనిపించలేదు. 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఒకే రోజు కాస్‌జెవీ, లిఫ్‌జీనియా అని ఈ జబ్బుకి రెండు జీన్ థెరపీలకి (రోగి కణాల్లోని జన్యువుల్ని మార్చి చేసే చికిత్సలకి) అనుమతి ఇచ్చింది. ఒక్కో రోగికి ఒకటి 22 లక్షల డాలర్లు, ఇంకోటి 31 లక్షల డాలర్లు. మన దగ్గర ఆ పిల్లలకి ఇచ్చేది హైడ్రాక్సీయూరియా అనే చవకైన పాత మందు. ఆ ధరలు షీట్‌లో కొట్టిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పెద్ద తప్పు కూడా ఈ ప్రాజెక్టులోనే చేశాను. అమెరికాలో సికిల్ సెల్ ఉన్నవాళ్లు దాదాపు లక్షమంది అని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. నేను ఆ లక్షని ఏటా కొత్తగా వచ్చే కేసులనుకుని ఐదేళ్ల లెక్క కట్టేశాను. ఇన్సిడెన్స్ (కొత్తగా వచ్చే కేసులు) వేరు, ప్రివలెన్స్ (ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్లందరూ) వేరు అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! మేనేజర్ మేడం పట్టుకున్నారు, కోప్పడలేదు, కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పారు. కానీ పట్టుకునేసరికి రెండు వారాలైంది, ఆలోపు ఆ అంకె మీద ఇంకో మూడు షీట్లు కట్టేశాను. ఆఫీసులో అయితే పక్క సీటువాళ్లు ఆ సాయంత్రమే చూసి ఉండేవాళ్లు. ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్‌లో నాకు కనిపించిన అసలు లోటు ఇదే. మనం అడిగితే తప్ప మన ఫైలు ఎవరూ తెరవరు.

సెప్టెంబరు 25న ఫైజర్ కంపెనీ సికిల్ సెల్‌కి వాడే తన ఆక్స్‌బ్రైటా మందుని అన్ని దేశాల మార్కెట్ల నుంచీ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 2019లో అనుమతి వచ్చిన మందు అది, మా స్లైడ్లలో సగం దాని చుట్టూనే తిరుగుతున్నాయి, రెండు రోజుల్లో క్లయింట్‌కి ఇవ్వాలి. టెన్షన్ మామూలుగా లేదు. అయినా ఆరు నెలల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ రెండు రోజుల్లోనే, ఎందుకంటే అప్పుడు అందరం ఒకే కాల్‌లో కూర్చుని పని చేశాం, సీనియర్లు ఎలా ఆలోచిస్తారో కళ్లారా చూశాను.

స్టైపెండ్ నెలకి 8,000, ఇంటర్నెట్ ఖర్చు మనదే. క్లయింట్ కాల్స్ సాయంత్రం 7:30కి ఉండేవి, నవంబరులో అమెరికా గడియారాలు వెనక్కి తిప్పాక 8:30కి మారాయి. పొద్దున వార్డు, రాత్రి కాల్ అంటే పరీక్షల ముందు చాలా కష్టం. సర్టిఫికెట్ కోసం నాలుగు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. ఒప్పందం వల్ల క్లయింట్ పేరు రెజ్యూమెలో రాయకూడదు, చేసిన ఫైళ్లు ఎవరికీ చూపకూడదు.

ఇన్ని ఉన్నా చేరమనే చెప్తాను, ఎక్సెల్ ముందే నేర్చుకుని వెళ్లండి. ఇంటర్వ్యూలో స్టైపెండ్ కంటే ముందు ఇంకోటి అడగండి: నా పని ఎవరు చూస్తారు, ఎన్ని రోజులకొకసారి చూస్తారు? దానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.