మైపాడు ఇసుకా, గ్రౌండ్ మట్టా, తారు రోడ్డా, ట్రెడ్‌మిల్లా: పరుగుకు ఏది మేలు?

నెల్లూరులో నలభై దాటినవాళ్లెవరైనా పరుగు మొదలుపెడతానంటే చాలు, మైపాడు బీచ్ మాట వచ్చేస్తుంది. "ఏందన్నా, ఆ గ్రౌండ్‌లో గుండ్రంగా తిరిగేదేంది? ఇసుకలో అయితే మోకాళ్లకి మంచిది, ఆదివారం పోదాం రా" అంటారు. ఒంగోలులో ఇదే సలహా కొత్తపట్నం పేరుతో వినిపిస్తుంది. మోకాళ్ల వరకూ అందులో కొంత నిజముంది. మోకాలి కిందవాటి సంగతే ఎవరూ చెప్పరు.

గట్టి నేల మీద పరిగెత్తేటప్పుడు మడమ వెనక తాడులా ఉండే స్నాయువు, డాక్టర్లు అకిలిస్ టెండన్ అనేది, సాగి మళ్లీ ముడుచుకుంటూ అడుగడుక్కీ కొంత శక్తిని తిరిగి ఇస్తుంది. పొడి ఇసుకలో మడమ దిగబడిపోతుంది కాబట్టి ఆ శక్తి చాలావరకు ఇసుక పాలవుతుంది. ఆ లోటంతా కాలి కండలే, ముఖ్యంగా పిక్కలే పూడ్చాలి. 1998లో బెల్జియం పరిశోధకులు దీన్ని కొలిచారు. గట్టి నేలతో పోలిస్తే ఇసుకలో పరుగుకు 1.6 రెట్లు శక్తి కావాల్సి వచ్చింది. నడకకైతే 2.1 నుంచి 2.7 రెట్లు! చిత్రమేమిటంటే, ఇసుకలో ఎక్కువ అదనపు కష్టం పడేది నడిచేవాడే. పొట్ట తగ్గించుకోవడానికే మైపాడు పోయేవాళ్లు అక్కడ పరిగెత్తక్కర్లేదు, పొడి ఇసుకలో చకచకా నడిస్తే చాలు. పిక్కలూ బతికిపోతాయి.

అలల అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుందని చాలామంది అటు పోతారు. అక్కడ ఇంకో చిక్కు ఉంది, నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. ఉత్తరంగా పరిగెడితే కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, నడుమూ తుంటీ ఒక పక్కకు ఒరుగుతాయి. పోయినంత దూరం అదే ఒడ్డున వెనక్కి పరిగెత్తుకొస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. అవతల స్నేహితుడి బండెక్కి తిరిగొచ్చేవాళ్లకి ఈ లెక్క కుదరదు. పైగా పడవలు నిలిపే చోట తాళ్లు, తెగిన వల ముక్కలు, విరిగిన ఆల్చిప్పలు ఇసుకలో కలిసిపోయి ఉంటాయి. పరుగు కాగానే చెమట కడుక్కోవడానికి లోతు తెలియని చోట అలల్లోకి దిగడం మాత్రం వద్దు.

ఇక దూరం. ఊరి నుంచి మైపాడుకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. వారానికి నాలుగు పూటలు పోయిరాగలిగేవాళ్లు ఎంతమంది? తిరిగొస్తూ దారిలో నెయ్యి కారం దోశ ఎటూ తప్పదు. డెబ్బై కిలోల మనిషి అరగంట నిదానంగా పరిగెడితే ఖర్చయ్యేది సుమారు 300 కేలరీలు. రెండో దోశ చెప్పేముందు ఇది కాస్త గుర్తు తెచ్చుకుంటే మేలు.

తారు రోడ్డు మీద మోకాళ్లు అరిగిపోతాయన్న భయం మాత్రం అతిశయోక్తి. నేల గట్టిదైతే కాలు తనంతట తానే కొంచెం ఎక్కువ వంగి ఆ దెబ్బను తీసుకుంటుంది, మెత్తనిదైతే బిగుసుకుంటుంది. ఈ సర్దుబాటు మనకు తెలియకుండానే జరిగిపోతుంది. దెబ్బతినేది ఎప్పుడంటే, ఒక నేలకు అలవాటుపడిన కాళ్లను ఉన్నట్టుండి ఇంకో నేల మీదికి తీసుకుపోయి మొదటిరోజే గంటసేపు పరిగెత్తించినప్పుడు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఇసుకలో ఐదు కిలోమీటర్లు లాగించినవాడికి సోమవారం మెట్లు దిగడం కష్టమయ్యేది అందుకే.

రోడ్డుతో వచ్చే అసలు ఇబ్బందులు వేరే. తెల్లవారుజామున కుక్కలు, టిప్పర్లు, ఎదురు లైట్లు. మినీ బైపాస్ మీద పరిగెత్తేవాళ్లు కుడిపక్కనే పోవాలి, ఎదురొచ్చే బండి కళ్లకు కనపడాలి. లేతరంగు చొక్కా వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయాలి. రోడ్డు అంచు కూడా వాలుగానే ఉంటుంది, బీచ్ అంత కాకపోయినా. ఇంటి గడప దాటగానే మొదలుపెట్టొచ్చన్న ఒక్క సుఖం కోసమే చాలామంది దీన్ని వదలరు, అది చిన్న సుఖమేం కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా నేను చూపించేది మట్టి గ్రౌండే. నెల్లూరులో వీఆర్సీ గ్రౌండ్, ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం, ఒంగోలులో పీవీఆర్ గ్రౌండ్ లాంటివి. నేల సమంగా ఉంటుంది, బండ్ల గొడవ లేదు, అలిసిపోతే అక్కడే ఆగి నడవొచ్చు. అందరూ ఒకే వైపు తిరుగుతుంటారు కాబట్టి మలుపుల్లో లోపలి కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. జనం పలచబడ్డాక నాలుగు రౌండ్లు ఎదురు తిరిగితే సరి. వానాకాలం ఒక్కటే దీనికి గండం. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడు గ్రౌండ్ బురదగుంట అవుతుంది.

అక్కడ ఇంకో ప్రమాదం కుర్రాళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యేవాళ్లు తెల్లారకముందే దిగుతారు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచేయాలన్నది వాళ్ల లక్ష్యం, అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం. పక్క నుంచి రయ్యిన దూసుకుపోతుంటే మనకూ పౌరుషం వస్తుంది. రానీయొద్దు. పరిగెడుతూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అదే మన వేగం. మాట తెగిపోతుంటే నడకలోకి దిగాలి. మొదటి వారాల్లో నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చాలు.

ట్రెడ్‌మిల్‌ను చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. రోహిణీ కార్తెలో ఎనిమిది గంటలకు నిద్రలేచేవాళ్లకి, చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కలేని ఆడవాళ్లకి, తుఫాను వారంలో అందరికీ అదే దిక్కు. ఎదురుగాలి ఉండదు కాబట్టి మెషిన్ ముందువైపు ఒక శాతం ఎత్తు పెట్టుకోమంటారు. నిదానంగా పరిగెత్తేవాళ్లకి అదేమీ పెద్ద తేడా కాదు, దానికంటే ఎదురుగా ఫ్యాన్ ఉందా లేదా చూసుకోవాలి. లోపం ఒకటే. ఏసీలోనే తయారైన ఒంటికి బయటి ఎండ, ఉక్క తెలియవు. వాటికి అలవాటుపడటానికి ఒంటికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. బయట జరిగే 10కె (పది కిలోమీటర్ల) పరుగుకు పేరిచ్చినవాళ్లు ఆ రెండు వారాలైనా బయట పరిగెత్తాలి.

నా మటుకు నాకు వరుస ఇదీ: మొదటి రెండు నెలలు గ్రౌండ్, ఆ తర్వాత వారంలో ఒకటి రెండు పూటలు రోడ్డు, వానల్లో ట్రెడ్‌మిల్. మైపాడు మాత్రం ఇవన్నీ అయ్యాక, అదీ పది నిమిషాల పరుగుతో మొదలుపెట్టి. పొద్దున్నే మంచం దిగి వేసే తొలి అడుగుకే మడమలో పోటు వచ్చేవాళ్లు అది తగ్గేదాకా ఇసుక జోలికి పోకూడదు. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టికాళ్లతో అసలే దిగకూడదు, ఆల్చిప్ప కోసినా తెలియదు. వాళ్లకి గ్రౌండే, అదీ బూట్లతోనే, ఇంటికి రాగానే అరికాళ్లు ఒకసారి చూసుకుని.