మార్చి నెలాఖరు గుల్మార్గ్ స్కీయింగ్ ప్యాకేజీ: మంచు బాగుంది, టైమ్‌టేబులే బాగోలేదు

విజయనగరంలో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర తీసుకున్న కశ్మీర్ ప్యాకేజీ గురించి ఇది. శ్రీనగర్ తులిప్ తోట, దాల్ సరస్సు, సోన్‌మార్గ్, వాటితోపాటు 'గుల్మార్గ్‌లో స్కీయింగ్' అని కాగితం మీద సగం పేజీ బొమ్మ వేసి అమ్ముతున్నారు. వైజాగ్ నుంచి ఢిల్లీ మీదుగా ఫ్లైటు కలిపి మనిషికి 42 వేలు. ట్రావెల్స్ పేరు రాయడం లేదు, ఎందుకంటే మా బావమరిది శ్రీకాకుళంలో ఇంకోచోట అడిగి తెచ్చిన కాగితంలో కూడా స్కీయింగ్ రోజు టైమ్‌టేబుల్ అక్షరం తేడా లేకుండా ఇదే ఉంది. ఒకరు రాసింది అందరూ జెరాక్స్ తీసి అమ్ముకుంటున్నారన్నమాట, కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ఈ కింద రాసిందే జరుగుతుంది.

హోటళ్ళు, కారు, డ్రైవరు బాగానే ఉన్నాయి. హౌస్‌బోట్‌లో వేడినీళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చేవి, అంతే. గొడవంతా గుల్మార్గ్ రోజుదే.

డబ్బు కట్టేముందు నేను అడిగింది ఒకటే, మార్చి ఆఖరుకి మంచు ఉంటుందా అని. "ఏటి సార్ మీరు, ఏప్రిల్ దాకా గ్యారంటీ" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అది అబద్ధం కాదు. గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది, మనకి దగ్గర్లో పెద్ద కొండ అనుకునే మహేంద్రగిరి 1,500 మీటర్లు. గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, మొదటి ఫేజ్ ఎక్కితే కాంగ్‌డూరి, అక్కడ 3,000 దాటేస్తాం. రెండో ఫేజ్ అఫర్వాట్ కొండ మీద 3,900 పైన దింపుతుంది. అంత ఎత్తున తెల్లగానే ఉంటుంది, ఫొటోలకి ఢోకా లేదు. అయితే మంచు కనబడటం వేరు, దానిమీద స్కీ నడవడం వేరు. ఎండాకాలం దగ్గరపడ్డాక ఆ రెండోది రోజులో కొన్ని గంటలే కుదురుతుంది, అది కూడా పొద్దున్నపూటే. మరి వీళ్ళ ప్లాన్ చూడండి: శ్రీనగర్‌లో తొమ్మిదింటికి టిఫిన్, పదింటికి బయల్దేరడం, టాంగ్‌మార్గ్‌లో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకి తీసుకోవడానికి ఒక గంట, ఆపైన 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, గుల్మార్గ్‌లో భోజనం, ఆ తర్వాత 'స్కీయింగ్ 2 గంటలు'. శ్రీనగర్ నుంచి మొత్తం 50 కిలోమీటర్లే, కానీ స్కీలు కాళ్ళకి కట్టుకునేసరికి మధ్యాహ్నం రెండు అవుతోంది. మంచి ఎండ.

రెండింటికి ఊరి పక్కన కొత్తవాళ్ళు నేర్చుకునే వాలు మీద స్కీ వేసుకుంటే ఎలా ఉందంటే, దమ్ము చేసిన మడిలో దిగినట్టుంది. మంచులోంచి నీళ్ళు కారుతున్నాయి, స్కీ అడుగున తడి పట్టేసి కదలనివ్వదు, కొంచెం జారిందనుకునేలోపు ఠక్కున ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకే వెళ్తాడు. "బావా, ఇదేటి, జారతావన్నారు, కూరుకుపోతన్నాను" అని మా బావమరిది అరుపు. జీన్స్ ప్యాంటుతో దిగాడేమో మోకాళ్ళ దాకా తడిసి వణుకుతున్నాడు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు తెచ్చుకోమని కాగితంలో ఎక్కడా లేదు. టాంగ్‌మార్గ్‌లో ఇచ్చే పొడుగు కోటు ఫొటోకి బాగుంటుంది గానీ స్కీయింగ్‌కి కాళ్ళకి అడ్డం, గమ్‌బూట్లు అసలు పనికిరావు, స్కీ బూట్లు గుల్మార్గ్‌లో మళ్ళీ అద్దెకి తీసుకోవాల్సిందే. ఆ ఆగడం ఎవరి కమీషన్ కోసమో మీరే ఊహించుకోండి.

మాకు నేర్పడానికి వచ్చిన కుర్రాడు టాంగ్‌మార్గ్ వైపు వాడే, హిందీలో మాట్లాడాడు. ఈ మొత్తం ప్యాకేజీలో డబ్బుకి తగ్గ పని చేసింది అతనొక్కడే. మా అవస్థ చూసి, ఇప్పుడు నేర్పితే మీ మోకాళ్ళు పోతాయి, రేపు పొద్దున్న రండి అని తనే చెప్పాడు, సగం డబ్బు అక్కడే వెనక్కి ఇచ్చాడు. ఎందుకో కూడా ఓపిగ్గా చెప్పాడు. ఈ సీజన్లో పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకడుతుంది, రోజూ ఇలా కరిగి గడ్డకట్టి పైపొర జొన్నగింజలంత పలుకులుగా మారుతుంది. తెల్లారేసరికి అది గాజులా గట్టిగా ఉంటుంది, అప్పుడు దిగితే స్కీ అంచు పట్టదు. ఎండ తగిలిన కొద్దిసేపటికి పైన ఒక అంగుళం మెత్తబడుతుంది, కింద గట్టిగానే ఉంటుంది, అదీ సరైన సమయం. ఎండ ముందు తగిలే తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది కాబట్టి తెలిసినవాళ్ళు ముందు అటు దిగి, తర్వాత పడమటి వాలుకి మారతారు. మధ్యాహ్నానికి ఎటు చూసినా బురదే. ఇంకో మెలిక ఏంటంటే రాత్రి మబ్బు పడితే మంచులోని వేడి పైకి పోదు, గడ్డకట్టదు, అలాంటి రోజు పొద్దున్న లేచినా లాభం తక్కువ. కాబట్టి పడుకునేముందు ఒకసారి నక్షత్రాలు కనబడుతున్నాయేమో చూసుకోమన్నాడు.

ట్రావెల్స్‌కి ఫోన్ చేసి ఆ రాత్రి గుల్మార్గ్‌లోనే ఉంటామంటే "ప్యాకేజీలో లేదు సార్" అన్నారు. శ్రీనగర్‌లో మాకోసం కట్టేసిన గదికి డబ్బు ఎలాగూ వెనక్కి రాదట. సరే, మా చేతి డబ్బుతోనే ఒక గది తీసుకున్నాం. మళ్ళీ వెళ్ళినా ఇదే చేస్తాను.

ఆ రాత్రి నక్షత్రాలు లేవు, మంచు కురిసింది. శ్రీనగర్‌లో వాన, ఇక్కడ మంచు. మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో వచ్చే వెస్ట్రన్ డిస్టర్బెన్స్‌లే కశ్మీర్ శీతాకాలపు మంచుకి ఆధారం, మార్చి, ఏప్రిల్లో కూడా ఇవి వస్తుంటాయి. అక్కడివాళ్ళ లెక్కలో డిసెంబర్ 21 నుంచి జనవరి నెలాఖరు దాకా నలభై రోజులు 'చిల్లై కలాన్', ఆ చలిలో పడ్డ మంచే గట్టిపడి నిలుస్తుంది, తర్వాత పడేది చూడ్డానికి ఎంత ఉన్నా తొందరగా కరిగిపోతుంది. ఈమధ్య ఆ అసలు రోజుల్లోనే మంచు మొహం చాటేస్తోంది. 2024 జనవరిలో గుల్మార్గ్ గోధుమరంగు గడ్డితో ఉన్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని ఫిబ్రవరిలో పెట్టాల్సింది, మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. సీజన్ వెనక్కి జరుగుతోంది కదా, మార్చిలో వెళ్తే మంచిదేగా అనుకోవచ్చు. మంచు దొరకడం వరకూ నిజమే, కానీ ఎండ మాత్రం వెనక్కి జరగదుగా, మార్చి ఎండ మార్చి ఎండే.

పొద్దున్నకి పాదం మునిగేంత కొత్త మంచు పడింది, ఆకాశం విచ్చుకుంది. గాలి ఎక్కువగా ఉందని, పైన మంచు చరియలు జారే ప్రమాదం ఉందని రెండో ఫేజ్ మూసేశారు. మా పక్కన గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం దీనికి పెద్ద గొడవ చేసింది, నాకైతే మూసేసినవాళ్ళదే సబబు అనిపించింది. పాత గట్టి పొర మీద కొత్తది అతుక్కోకముందే ఎండ కాస్తే అది తడిసి బరువెక్కి జారుతుంది. మామూలు చలికాలంలో కూడా అఫర్వాట్ తమాషా కాదు, 2024 ఫిబ్రవరిలో అక్కడ చరియలు విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. కొత్తగా నేర్చుకునేవాడికి రెండో ఫేజ్‌తో పని కూడా లేదు, పైన చూసి రావడానికి తప్ప. అలాంటప్పుడు స్కీయింగ్ ప్యాకేజీలో దాన్ని కలిపి డబ్బు ఎందుకు కట్టించుకున్నారో ట్రావెల్స్ వాళ్ళకే తెలియాలి.

మొదటి ఫేజ్ తిరిగింది. కాంగ్‌డూరిలో ఆ పొద్దుటి రెండు మూడు గంటల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మొదట ఊతకర్రలు లేకుండా నిలబడటం, తర్వాత వాలుకి అడ్డంగా పక్క అడుగులు వేస్తూ ఎక్కడం, తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరకి, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం, ఇవి వచ్చేదాకా ఆ కుర్రాడు పైకి తీసుకెళ్ళలేదు. కింద పడితే ఎలా పడాలో కూడా నేర్పాడు, పక్కకి పడాలి, ఎప్పుడూ వెనక్కి కాదు. నిన్న మడిలో కూరుకుపోయిన మా బావమరిది ఈరోజు నా ముందు నుంచి జారుకుంటూ వెళ్ళిపోయి, ఆపడం మర్చిపోయి, ఒక మ్యాగీ దుకాణం గుడారం దాకా వెళ్ళి ఆగాడు. పదకొండు దాటాక మంచు బరువెక్కింది, పన్నెండుకల్లా స్కీలు లాగేస్తున్నాయి, కుర్రాడు చాలన్నాడు. సరిగ్గా ఆ టైముకి కింద నుంచి శ్రీనగర్ కార్లు వరసగా వస్తున్నాయి.

స్కీలు అద్దెకిచ్చే దుకాణం సంగతి. పర్వాలేదు, అంతకంటే చెప్పను. సీజన్ ఆఖరు కాబట్టి బూట్ల లోపలి మెత్త నిన్నటి తడితోనే ఉంది, అడిగితే వేరేది ఇచ్చారు, అడక్కపోతే ఇవ్వరు. బూటు బిగించి నిలబడితే బొటనవేలు ముందు గోడకి తగలాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి, పిక్కల దగ్గర వదులుండకూడదు. స్కీకి బూటు పట్టి ఉంచే బైండింగ్‌ని మన బరువుకి తగ్గట్టు తిప్పించుకోవాలి, లేకపోతే పడ్డప్పుడు ఊడదు, కాలు మెలిపడుతుంది. తడి మంచుకి వేరే మైనం రాస్తారు, అది రాశారా అని కూడా అడగండి, రాసిన జతకీ రాయని జతకీ తేడా నాకే తెలిసిందంటే చూడండి. స్లెడ్జి బళ్ళవాళ్ళు, గుర్రాలవాళ్ళు వెంటపడతారు, వద్దని నవ్వుతూ చెబితే వదిలేస్తారు.

ఎండ గురించి విడిగా చెప్పాలి, మనం ఎండలో పుట్టి పెరిగినవాళ్ళం కదా అని తేలిగ్గా తీసుకుంటాం. ఎత్తుకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా మన మొహం మీదకే తిప్పికొడుతుంది. అంటే గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా కాలుతుంది. మా బావమరిది మొహం కళ్ళజోడు ఉన్నంత మేర వదిలేసి మిగతాదంతా పొక్కింది. సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునేది, పక్కలు కూడా మూసుకునే నల్ల కళ్ళజోడు తప్పనిసరి. సముద్రమట్టం నుంచి ఒక్కసారి అంత ఎత్తుకి వెళ్తే తలనొప్పి, ఆయాసం కొందరికి వస్తాయి, నీళ్ళు బాగా తాగండి, మొదటిరోజే పరుగులు పెట్టకండి.

నా మార్కులు: నేర్పిన కుర్రాడికి 5కి 5, స్కీల దుకాణానికి 3, ట్రావెల్స్‌కి 2, ఆ రెండూ కారుకీ హోటల్‌కీ. ఇదే ప్యాకేజీ కొనేవాళ్ళు కౌంటర్లోనే రెండు విషయాలు తేల్చుకోండి, గుల్మార్గ్‌లో కనీసం రెండు రాత్రులు రాయించుకోవడం, గొండోలా రెండో ఫేజ్‌ని ప్యాకేజీలోంచి తీయించడం, కావాలంటే వాతావరణం బాగుంటే అప్పుడు చూసుకోవచ్చు. తులిప్ తోట కోసమే వెళ్ళి, పనిలోపనిగా స్కీయింగ్ అనుకుంటే స్కీయింగ్ డబ్బు దండగ, కాంగ్‌డూరి దాకా వెళ్ళి మంచు చూసి వచ్చేయండి. నిజంగా నేర్చుకోవాలని ఉంటే జనవరి ఆఖరు, ఫిబ్రవరిలో వెళ్ళండి. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ అక్కడే ఉంది, శీతాకాలంలో స్కీయింగ్ కోర్సులు పెడుతుంది.

మూసేసిన రెండో ఫేజ్ టికెట్ డబ్బులు ట్రావెల్స్ నుంచి ఇంకా రాలేదు. అడిగిన ప్రతిసారీ "వేసేస్తాం సార్" అంటున్నారు. వేస్తే 2ని 3 చేస్తాను.