ఘాటీలో ఒణికే బండి, మూడేళ్ల ఓబీడీ స్కానర్

షెడ్డు ముందు నిలబెట్టి రేస్ చేస్తే చుక్క మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా పోవడం) ఉండదు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతూ మూడో గేరులో కాలు నొక్కగానే స్టీరింగ్ నుంచి సీటు దాకా అదురు మొదలవుతుంది. ఇలాంటి లోపాన్ని మెకానిక్ కళ్లకు చూపించడమే పెద్ద పని. బండిలోని ఓబీడీ పోర్టుకి పెట్టి లోపాల కోడ్‌లు చదివే, వెయ్యి రూపాయల లోపు దొరికిన ఈ బ్లూటూత్ స్కానర్‌లో నాకు బాగా నచ్చింది అందుకే ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీ. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దాచిపెడుతుంది, ఈ పేజీ దాన్ని విప్పి చూపిస్తుంది.

మా 1.2 పెట్రోల్ బండిలో కనిపించింది ఇది: పీ0302, 2,150 ఆర్‌పీఎం, లోడ్ 88 శాతం, వేగం 41, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్, ఇంజన్ బాగా వేడెక్కాక, తక్కువ చుట్ల మీద ఎక్కువ బరువు లాగుతున్నప్పుడు. కాలు నొక్కేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ ప్లగ్గు గ్యాప్ దాటాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ గానీ, ప్లగ్గు మీద కూర్చునే దాని రబ్బరు గానీ బలహీనపడితే కరెంటు గ్యాప్ దాటకుండా ప్లగ్గు పింగాణీ పక్కనుంచి జారిపోతుంది. ఐడిలింగ్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి బండి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్స్ చూసి బాగుందని తేల్చేస్తే ఈ లోపం దొరకదు.

ఇంజన్ చల్లారాక రెండో కాయిల్‌ని మూడో సిలిండర్ మీద, మూడోదాన్ని రెండో సిలిండర్ మీద పెట్టాలి. కనెక్టర్‌ని లాక్ నొక్కి తీయాలి, వైర్లు పట్టి లాగకూడదు. కోడ్ చెరిపేసి అదే ఎత్తు, అదే గేరు. పీ0303 పడితే తప్పు కాయిల్‌ది. పీ0302 కదలకపోతే ప్లగ్గులు మార్చి చూడాలి, అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్. మాకు కోడ్ మూడుకి మారింది. కాయిల్ రబ్బరు లోపలివైపు వెంట్రుకంత నల్లటి గీత, దానికి ఎదురుగా ప్లగ్ తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు ఇంకో గీత ఉన్నాయి. కరెంటు జారిన దారి అదే. ప్లగ్ గుంతలో పలచగా ఆయిల్ కూడా ఉంది.

కొత్త కాయిల్ వేసి ఊరుకుంటే చాలదని చెప్పింది ఆ ఆయిలే. ట్యాపెట్ కవర్ కింద ప్లగ్ ట్యూబ్ సీలు గట్టిపడి కారుతుంటే కొత్త కాయిల్ రబ్బరు కూడా నాని మెత్తబడిపోతుంది. ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులు, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ సెట్టు ఒకేసారి వేయాలి. 1.1 మి.మీ. ఉండాల్సిన పాత ప్లగ్గుల గ్యాప్ 1.4కి అరిగింది, కాయిల్ మీద భారం అక్కడే పెరిగింది. ప్లగ్గుని చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే రెంచి వాడాలి. కొత్త వాషరున్న ప్లగ్గుకి సుమారు సగం చుట్టు చాలు, అల్యూమినియం హెడ్ మర తేలిగ్గా పోతుంది.

చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం కాలు తగ్గించండి, వీలైన చోట ఆపండి. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ ఖర్చు ముందు కాయిల్ ఖర్చు లెక్కలోకే రాదు.

రిపేరు నిలిచిందా అన్నది స్కానర్‌లోని మోడ్ 06 పేజీలో తెలిసింది. అక్కడ సిలిండర్ వారీగా మిస్సింగ్ లెక్క ఉంటుంది: ఏ2 ఒకటో సిలిండర్, ఏ3 రెండోది, అలా వరసగా. ఘాటీ పైకెక్కాక నాలుగూ సున్నా.

ఈ మెప్పుకి రెండో ఒణుకు కొంత కోత పెట్టింది. 40 నుంచి 70 వేగంలో, కాలు నొక్కితే నేల, సీటు పక్కలకి ఊగడం, వదిలేస్తే ఆ క్షణమే ఆగిపోవడం. స్కానర్‌లో కోడ్ లేదు, మిస్సింగ్ లెక్క సున్నా. ఇంజన్ మండడంలో తేడా లేదని తేలిందే గానీ జబ్బు పేరు స్కానర్ చెప్పలేదు. వీల్ బ్యాలెన్సింగ్ తేడా అయితే కాలు వదిలినా అదే వేగంలో స్టీరింగ్ అదురుతూనే ఉండాలి. చక్రం వైపున్న బయటి సీవీ జాయింట్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్ చివరి కీలు) అయితే పూర్తిగా తిప్పిన స్టీరింగ్‌లో టకటకమంటుంది. ఇంజన్‌ని పట్టి ఉంచే ఫౌండేషన్ పోతే క్లచ్ వదిలినప్పుడు ధడ్‌మంటుంది. ఇవేవీ కాకుండా లోడ్ మీదే వచ్చే పక్క ఊపు గేర్‌బాక్స్ వైపు లోపలి సీవీ జాయింట్‌ది. అందులోని మూడు రోలర్లు కప్పుని అరగదీసి గాడులు చేసి, బలం పడినప్పుడు వాటిలో చిక్కుకుంటాయి. బండిని స్టాండ్ల మీద నిలిపి, కప్పుని ఒక చేత్తో పట్టుకుని షాఫ్ట్‌ని పైకీ కిందికీ ఊపితే లూజు చేతికి తెలిసింది. జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు గేర్‌బాక్స్ మీద చిమ్మి ఉంది.

కప్పులో గాడి పడ్డాక బూటూ గ్రీజూ మారిస్తే డబ్బు దండగ, జాయింటే మార్చాలి. హబ్ నట్టుని చక్రం నేల మీద ఉన్నప్పుడే వదులు చేయాలి. షాఫ్ట్ లాగితే గేర్ ఆయిల్ కారుతుంది కాబట్టి కింద ట్రే పెట్టండి, ఆయిల్ సీలు, సర్‌క్లిప్, హబ్ నట్టు కొత్తవి వేయండి, తగ్గిన ఆయిల్ తిరిగి పోయండి.

స్కానర్‌తో ఇంకో ఇబ్బంది, పోర్టులోనే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది. పోర్టులోని 16వ పిన్నుకి బండి ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారం బండి తీయకపోతే పీకి పెట్టాలి. చవక నకలు చిప్పుల్లో కొన్నిటికి మోడ్ 06 పూర్తిగా రాదు, కొనేటప్పుడే వేసి చూడండి.

మేం జయపురంలో ఉంటాం, విశాఖ వైపు తరచూ ఘాటీ దిగి ఎక్కుతాం, చిన్న పనులు ఇంటి దగ్గరే చేసుకుంటాం. ఇంట్లో తెలుగు, షెడ్డులో ఒడియా మాట్లాడే మాకు 'పీ0302' అన్న ఒక్క మాట రెండు చోట్లా చెల్లింది. ఎప్పుడూ చదును రోడ్ల మీదే తిరుగుతూ, సర్వీస్ సెంటర్ పక్కనే ఉన్నవాళ్లకి ఇంత అవసరం పడకపోవచ్చు. కొన్నవాళ్లు మాత్రం కోడ్ చెరిపేముందు, మెకానిక్ బ్యాటరీ వైరు తీసేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్‌తో పాటు ఆ పేజీ కూడా చెరిగిపోతుంది.