భూ లావాదేవీల సాఫ్ట్‌వేర్‌లో తరువాతి పనుల అప్పగింత: ఎనిమిది నెలల వాడకం తరువాత

పొలాలు, ఇళ్ల స్థలాలు కొనేవారి తరఫున కాగితాలు సరిచూసి, రిజిస్ట్రేషన్ దాకా వెంట ఉండే చిన్న కార్యాలయం మాది, కావలిలో. నాతో కలిపి ముగ్గురం పనిచేస్తాము. ఎనిమిది నెలలుగా మా వ్యవహారాలన్నీ ఒక భూ లావాదేవీల సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. అందులో మ్యాపులు, నివేదికలు చాలా ఉన్నా, మేము డబ్బు కట్టింది ఒక పని ముగియగానే తరువాతి పనిని నమోదు చేసి, గడువు పెట్టి, ఒక మనిషికి అప్పగించే సౌకర్యం కోసమే. ఈ సమీక్ష కూడా దాని గురించే.

పొలం బేరంలో ఒక పనిలోంచి మరొకటి పుడుతుంది. బయానా ఇచ్చేలోపే ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయాలి, 1బి (భూమి ఎవరి పేర ఉందో చూపే రెవెన్యూ రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడాలి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో సరిచూడాలి. ఈసీలో పాత దస్తావేజు బయటపడితే దాని నకలు తెప్పించాలి, ఆ నకలులో నలుగురు అన్నదమ్ములు కనిపిస్తే నలుగురి వాటాలూ తేల్చాలి. ఇదివరకు ఇవన్నీ నోటు పుస్తకంలో ఉండేవి, ఎవరు చేయాలన్నది మాత్రం నోటిమాటగానే ఉండేది, చివరకు "మీరు చూస్తారనుకున్నానండీ" అన్న మాట దగ్గర పని ఆగిపోయేది. ఈ సాఫ్ట్‌వేర్ ఒక పనికి ఒక్కరి పేరే రాయనిస్తుంది, సంబంధించిన కాగితం జతచేయనిదే ఆ పనిని ముగించనివ్వదు. ఈ రెండు కట్టడులూ మొదట విసుగు పుట్టించినా, ఇప్పుడు నేను అన్నిటికంటే విలువనిచ్చేవి ఇవే.

వివరాల గడిలో తెలుగులో ఎంతైనా రాసుకోవచ్చు. కందుకూరు వైపు పొలాలకు ఇది చాలా అవసరం. ఆ ప్రాంతం 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులో ఉండి, తరువాత ప్రకాశంలోకి వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది కాబట్టి, ఒకే పొలం లింకు దస్తావేజుల్లో (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల్లో) రెండు జిల్లాల పేర్లూ ఉంటాయి. నకలు కోసం వెళ్లేవారికి ఏ దస్తావేజులో ఏ జిల్లా పేరుందో ఆ పనిలోనే రాసి పంపుతున్నాము. విస్తీర్ణం గడిలో మాత్రం ఇక్కడి స్థలాల కొలత అయిన అంకణం లేదు. నెల్లూరు స్థలాలకు అంకణానికి 8 చదరపు గజాల చొప్పున మేమే లెక్కగట్టి రాయవలసి వస్తోంది.

పెద్ద లోపం గడువుల్లో ఉంది. రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు ఈసీ మరోసారి తీయాలన్న పని, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కించుకుని తనంతట తానే ఏర్పడుతుంది. తేదీ మారితే అది మాత్రం మారదు. ఉలవపాడు దగ్గరి మామిడి తోట ఒకదానికి, అమ్మేవారి పెద్దబ్బాయి బెంగళూరు నుంచి రావడం ఆలస్యమై రిజిస్ట్రేషన్ మూడు వారాలు వాయిదా పడింది. మా సహోద్యోగి పాత గడువు ప్రకారమే ఈసీ తీసి, జతచేసి, పని ముగించాడు. అతని తప్పేమీ లేదు. తెర మీద అంతా పూర్తయినట్టే కనిపించింది. ముందురోజు సాయంత్రం ఫైలు తిరగేస్తుండగా ఆ ఈసీ తేదీ నా కంటబడింది కాబట్టి సరిపోయింది, మళ్లీ తీయించాము. ఆ మూడు వారాల్లో ఏ తాకట్టో నమోదై ఉంటే కొనేవారి గతి ఏమిటన్న ఆలోచన ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది.

రెండో లోపం కూడా చిన్నది కాదు. రిజిస్ట్రేషన్ అయ్యాక వ్యవహారాన్ని 'పూర్తి' అని గుర్తిస్తే, మిగిలి ఉన్న పనులన్నీ మొదటి పేజీ నుంచి మాయమవుతాయి. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు), పాసుపుస్తకం పనులు అప్పుడే కదా మొదలయ్యేది! రైతు దృష్టిలో పొలం తన పేర ఎక్కిందంటే 1బిలో ఎక్కినట్టే. ఈ రెండు లోపాలనూ తయారీదారులకు రాసి పంపాము. వారు సరిచేసేదాకా మా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ తేదీని మార్చినవారే దాని వెనుక ఉన్న గడువులన్నీ చేత్తో మార్చాలి. 1బిలో కొన్నవారి పేరు చూసేదాకా 'పూర్తి' మీట ఎవరూ నొక్కకూడదు.