పిలకాయలతో జూ సఫారీ, మర్నాడు తలకోన

దసరా సెలవుల్లో ముగ్గురు పిలకాయలతో చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లాం. నా ఇద్దరూ, మా ఆడబిడ్డ కొడుకూ. నాలుగు, ఏడు, పదేళ్ల వయసులు. ఈసారి కొండెక్కలేదు. దర్శనం, జూ ఒకే రోజు పెట్టుకుంటే ఏమవుతుందో పోయినేడే తెలిసొచ్చింది. క్యూలో అలిసిపోయిన చిన్నది ఏనుగు దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద నిద్రపోయింది.

శ్రీ వెంకటేశ్వర జూ పార్కు శేషాచలం కొండల కింద, ఐదున్నర వేల ఎకరాల్లో ఉంది. 1987లో తెరిచారు. అంత స్థలం అంటే జంతువులకు సుఖమే, మనకు మాత్రం ఎండలో నడక. మా పెద్దాడు నడుస్తానని పట్టుబట్టాడు గానీ, చిన్నపిల్లలుంటే డబ్బుకు చూసుకోకుండా బ్యాటరీ కారు ఎక్కేయండి.

సఫారీ బండికి ఇనుప జాలీ బిగించి ఉంటుంది. మేం వెళ్లేసరికి సింహం చెట్టుకింద వెల్లకిలా పడుకుని ఉంది. రోజులో ఇరవై గంటల దాకా పడుకోగలదని చెప్తే, ఏడేళ్లోడు ‘అయితే మనమూ పడుకుందాం, అది లేచాక చూద్దాం’ అన్నాడు. వెనక సీట్లోవాళ్లు మాత్రం జాలీ మీద కొడుతూ ఒకటే అరుపులు. పిల్లలు కాదు, పెద్దవాళ్లే. నాకు సింహం పడుకున్నందుకు కాదు, వీళ్లు పడుకోనందుకు కోపమొచ్చింది.

‘తిరుమల మెట్ల దారిలోకి సింహం వస్తుందా అమ్మా?’ అని ఏడేళ్లోడే అడిగాడు మళ్లీ. మన దేశంలో అడవి సింహాలు గుజరాత్ గిర్ వైపు తప్ప లేవనీ, ఈ కొండల్లో ఉండేవి చిరుతలు, ఎలుగుబంట్లనీ చెప్పాను. 2023లో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత లాక్కుపోయిన సంగతి మాత్రం పెద్దాడికే చెప్పాను, అదీ ఒంటరిగా ముందుకు పరిగెత్తే అలవాటు ఉంది కాబట్టి.

రాత్రి బస్టాండు దగ్గర లాడ్జీలో దిగాం. అదనపు పరుపు ఇస్తామన్నారు, వచ్చేసరికి పదకొండు. అప్పటికి పిల్లలు మా ఇద్దరి మీదా అడ్డంగా పడుకున్నారు. బస్సుల హారన్లకు తెల్లారకముందే లేచారు.

మర్నాడు భాకరాపేట మీదుగా తలకోన. ఘాట్ మలుపుల్లో చిన్నదానికి వాంతులు, కవర్లు దగ్గర పెట్టుకోండి. 270 అడుగుల జలపాతం, వానలు పడ్డాయి కాబట్టి నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ రాళ్లు పాచి పట్టి జారతాయి. నాలుగేళ్లదాన్ని ఎత్తుకుని నడవాల్సొచ్చింది, పదేళ్లోడు మాత్రం ఇల్లు మరిచిపోయాడు. కోతులు మా చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి) డబ్బా ఎత్తుకుపోయాయి. మూత తీయడం కూడా వాటికి తెలుసు.

మళ్లీ వెళ్తే తిరుపతిలో పడుకోను. తలకోనలోనే అటవీ గెస్ట్‌హౌస్ గది ముందే మాట్లాడుకుని, పొద్దున్నే జలపాతం చూసి, ఎండెక్కకముందే దిగొస్తాం. ఊరిబిండి మాత్రం గదిలోనే పెట్టి తాళం వేస్తా.