అమెరికాలోని మిన్నెసోటా ట్విన్ సిటీస్‌లో ‘వింటర్ రూఫ్ ప్యాకేజీ’ చేయించుకున్నవాళ్ళు వెంటనే ఆటిక్ (పైకప్పు కింది అటక) ఎక్కి చూసుకోండి

అక్టోబరంతా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫ్లయర్ గుర్తుంది కదా, "కంప్లీట్ రూఫ్ వింటర్ ప్యాకేజీ, మనవాళ్ళకి మన రేటు" అని? ఆ ఫ్లయర్ వేసిన కాంట్రాక్టర్ గురించే ఇది. పేరు రాయను. ప్లిమత్ నుంచి మేపుల్ గ్రోవ్ దాకా ఏ వాకిట్లో చూసినా ఆయన బోర్డే, మీకు తెలుసు. పేరు బయటపెడితే లాయర్ నోటీసు పంపిస్తానని కూడా అన్నాడులెండి, అంత మర్యాదస్తుడు.

మాది 2000ల మొదట్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. పోయినేడు చలికాలం గట్టర్ల వెంట బారెడేసి ఐసు ఊచలు వేలాడితే పిల్లలు వాటి కింద నిలబడి ఫోటోలు దిగారు. ఇంట్లో వేడి పైకప్పుకి కారిపోతోందనడానికి అది గుర్తు అని పక్కింటి పెద్దాయన చెబితే తెలిసింది. ఈ ఏడాది మంచు పడకముందే పని చేయించేద్దామని ఈయన్ని పిలిచాను. వచ్చాడు, టీ తాగాడు, మా అత్తగారిది తెనాలి అని తెలిసి "అయితే మనం దగ్గరవాళ్ళమే అత్తయ్యా" అన్నాడు. 5,400 డాలర్లకి ఒప్పందం: గట్టర్ల క్లీనింగ్, ఆటిక్‌లో గాలి పోయే సందులన్నీ ఫోమ్‌తో మూయడం, చూరు దగ్గర బాఫిల్స్ (గాలి దారి మూసుకుపోకుండా పెట్టే పలకలు), ఆర్-49 (వేడిని ఆపే శక్తికి కొలత) వచ్చేదాకా సెల్యులోజ్ (దూదిలా ఉండే ఇన్సులేషన్), ముందు వైపు అంచున హీట్ కేబుల్ (ఐసు కట్టకుండా వేడెక్కే తీగ).

ఆలోచించుకుంటాను అంటే టాక్స్ క్రెడిట్ మాట తీశాడు. "డిసెంబరు 31 దాటితే ఫెడరల్ క్రెడిట్ పోతుందన్నా, బిల్లు మొత్తం మీద 30 శాతం వెనక్కొస్తుంది." గడువు మాట నిజమే, 2025తో అది అయిపోయింది. మిగతాది పచ్చి అబద్ధం. ఇన్సులేషన్‌కి ఆ క్రెడిట్ మెటీరియల్ మీదే లెక్క, కూలీ మీద వచ్చేది కాదు, అదీ 1,200 డాలర్లకు మించేది కాదు. మెటీరియల్ ఎంతో విడిగా రాసి బిల్లు ఇవ్వమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

టీము పొద్దున వచ్చి మన భోజనాల వేళకి వెళ్ళిపోయింది. నేను ఆఫీసు కాల్స్‌లో ఉన్నాను. సాయంత్రం ఆఫ్టర్ ఫోటోలు పంపాడు: పైపుల చుట్టూ ఫోమ్, తిన్నగా వరసలో బాఫిల్స్, మెత్తగా సమంగా పరిచిన సెల్యులోజ్. మురిసిపోయి మిగతా డబ్బు అప్పటికప్పుడు జెల్ (బ్యాంకు నుంచి డబ్బు పంపే యాప్)లో పంపేశాను. మా ఆవిడ "ఒకసారి పైకెక్కి చూడరాదూ" అంది. ఐటీ మేధావిని కదా, స్క్రీన్‌షాట్ వచ్చిందంటే టికెట్ క్లోజ్.

సంక్రాంతి వారం పొద్దున పిల్లల గదిలో లైటు చుట్టూ ఇంత మేర గోధుమరంగు మరక. మధ్యాహ్నానికి చుక్కలు. రాత్రికి కిటికీ పై అంచు నుంచి ధార. బయటికెళ్ళి చూస్తే చూరు వెంట జానెడు మందాన ఐసు గట్టు, దాని వెనక నీళ్ళ మడుగు. మంచును కరిగించేది ఎండొక్కటే కాదండీ. ఆటిక్ వెచ్చబడితే కప్పు మీది మంచు అడుగు నుంచి కరుగుతుంది, ఆ నీళ్ళు జారి చూరు దగ్గరికొచ్చేసరికి కింద ఇల్లు ఉండదు కాబట్టి చల్లగా ఉన్న అంచు మీద మళ్ళీ గడ్డ కడతాయి. ఆ గట్టు పెరిగేకొద్దీ వెనక నిలిచిన నీళ్ళు షింగిల్స్ (కప్పు మీది పెంకుల్లాంటి రేకలు) కిందకి ఎగదన్నుతాయి. షింగిల్స్ పని పైనుంచి జారే నీటిని దించడం, నిలవున్న నీటిని ఆపడం కాదు. అందుకే ఇక్కడ చూరు దగ్గర షింగిల్స్ కింద ఐస్ అండ్ వాటర్ షీల్డ్ అనే నీరు చొరని పొర అతికిస్తారు, అది బయటి గోడ గీత దాటి లోపలికి కనీసం 24 అంగుళాలు రావాలని కోడ్. మా ఇంట్లో నీళ్ళు దాన్నీ దాటి వచ్చాయి.

ఆయనకి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నాను అన్నా". మెసేజ్ పెడితే నమస్కారం బొమ్మ. వచ్చేలోపు టార్చి పట్టుకుని నేనే ఆటిక్ ఎక్కాను. అదేదో అక్టోబరులో ఎక్కి ఉండాల్సింది, సరే.

అక్కడ చూసింది చెప్తాను, ఓపికగా చదవండి, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఇదే ఉండొచ్చు. బాఫిల్ ఒక్కటంటే ఒక్కటి లేదు. సెల్యులోజ్‌ని చూరు దాకా కూరి సోఫిట్ వెంట్లు (చూరు అడుగున గాలి రంధ్రాలు) పూర్తిగా మూసేశారు, అంటే కింద నుంచి చల్లగాలి రావాల్సిన దారే లేదు. బాత్రూమ్ ఫ్యాను గొట్టం ఊడిపోయి, పైన దూది కప్పేసి, స్నానాల ఆవిరంతా ఆటిక్‌లోకే. కప్పు చెక్కలోంచి పొడుచుకొచ్చిన ప్రతి మేకు కొనా తెల్లగా మంచు పట్టి ఉంది. డ్రెయిన్ వెంట్ పైపు చుట్టూ నా చెయ్యి దూరేంత సందు, ఫోమ్ వాసనే లేదు. సందులు మూయకుండా పైన ఇన్సులేషన్ పోయడమంటే చిల్లుల కుండకి దుప్పటి కప్పడమే.

ఇక స్కేలు సంగతి. ఆటిక్‌లో మందం తెలియడానికి అక్కడక్కడ కాగితపు స్కేళ్ళు కొడతారు. ఆర్-49 కావాలంటే సెల్యులోజ్ సుమారు 14 అంగుళాలు ఉండాలి. మా స్కేళ్ళన్నీ 14 దగ్గరే చూపిస్తున్నాయి. నాకేదో తేడా అనిపించి దూది తవ్వి చూశాను. స్కేలు కింద నాలుగు అంగుళాలు కత్తెరతో కోసేసి, 4 అంకెను సీలింగ్ డ్రైవాల్‌కి ఆనించి స్టేపుల్ కొట్టారు. మొత్తం ఉన్నది పది అంగుళాలు, అందులో కొంత బిల్డరు నాడు వేసిన పాతది. తొందరలో జరిగిన పొరపాటైతే క్షమించొచ్చు. కూర్చుని కత్తెరతో స్కేళ్ళు కోశారంటే ఏమనాలి?

చివరికి ఒక సాయంత్రం వచ్చాడు. అత్తయ్య చేత్తో అరిసెలు తిన్నాడు, టీ తాగాడు. పైకెళ్ళి పిల్లల గదిలో ఊడిన సీలింగ్ కింద బకెట్ పక్కన నిలబడి, తల ఊపి, ఏమన్నాడో తెలుసా? "ఇది రూఫ్ ప్రాబ్లం కాదన్నా. మీ ఇంట్లో వంట ఎక్కువ. పులుసులు, కుక్కర్లు, రోజూ అంత ఆవిరైతే ఏ ఇల్లు తట్టుకుంటుంది?" నోట్లో మా అరిసె ఇంకా నములుతూనే ఉన్నాడు. అత్తయ్య గుమ్మంలో ఉన్నారు, ఏమీ అనకుండా ప్లేటు తీసుకుని కిందకి వెళ్ళిపోయారు.

నేను ఫోన్ తీసి ఆయన పంపిన ఆఫ్టర్ ఫోటోలు ఆయనకే చూపించాను. మూడో ఫోటోలో మూలన ఎర్రిటుకల పొగగొట్టం ఉంది. "మా ఇంటికి పొగగొట్టం ఎక్కడుందో చూపించండి" అన్నాను. మాది గ్యాస్ ఫైర్‌ప్లేస్, గోడలోంచే బయటికి పోతుంది, ఇంటి మొత్తానికీ ఇటుక అనేదే లేదు. ఒక్క క్షణం కూడా తడబడలేదండీ. "ఏదో ఫోటో కలిసిపోయి ఉంటుంది. అయినా మీరు పైకెక్కి చూసుకోవాల్సింది అన్నా, డబ్బులిచ్చే ముందు ఎవరైనా చూసుకుంటారు కదా."

మోసం చేసినవాడే నాకు జాగ్రత్త నేర్పుతున్నాడు! ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, అదే ఎక్కువ మండింది. స్కేళ్ళ సంగతి అడిగితే "అది సబ్ కాంట్రాక్టర్ పని", గ్యారంటీ అడిగితే "అది మెటీరియల్‌కి, ఐసుకి కాదు". హీట్ కేబుల్ ఎందుకు పనిచేయలేదంటే గ్యారేజీ నుంచి లాగిన మామూలు ఎక్స్‌టెన్షన్ తీగకి తగిలించి పోయారు, అది ట్రిప్ అయి ఎప్పుడో ఆగింది. ఆ కేబుల్‌కి ఎక్స్‌టెన్షన్ వాడకూడదని దాని పెట్టె మీదే రాసి ఉంది. మర్నాటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. అడ్మిన్ ఆయన బావమరిదట.

ఐసు తీయడానికి స్టీమ్ వాళ్ళని పిలిస్తే బయల్దేరిన దగ్గర్నుంచే గంటల లెక్క. లోపల సీలింగ్, గోడ పాడైనదానికి మా ఇన్సూరెన్స్ డిడక్టబుల్ (మనం పెట్టుకోవాల్సిన వాటా) పోను ఇస్తామంది, ఐసు తీసిన ఖర్చు, చెడిన పని మళ్ళీ చేయించే ఖర్చు మాత్రం మాదే. లేబర్ అండ్ ఇండస్ట్రీ డిపార్ట్‌మెంట్ సైటులో ఈయన లైసెన్స్ వెతికితే ఆ పేరుతో ఏమీ రాలేదు. మిన్నెసోటాలో కాంట్రాక్టర్ రికవరీ ఫండ్ అని ఉంది, మోసపోయినవాళ్ళకి నష్టం కట్టిస్తుంది, అయితే కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉంటేనే. మాకు ఆ దారీ మూసుకుపోయింది. కన్సిలియేషన్ కోర్టులో (చిన్న మొత్తాల దావాల కోర్టు) వేస్తున్నాను.

చేయించుకోబోయేవాళ్ళకి: లైసెన్స్ నంబరు అడిగి సైటులో మీరే చూడండి. ఇంటికొచ్చి అమ్మినవాళ్ళ ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు మీకుంది. ముందు కరెంటు, గ్యాస్ కంపెనీలు చేసే ఎనర్జీ ఆడిట్ చేయించండి, బ్లోయర్ డోర్ (గుమ్మానికి బిగించే పెద్ద ఫ్యాను) పెట్టి గాలి ఎక్కడ కారుతోందో చూపిస్తారు. ఎన్ని బస్తాల సెల్యులోజ్ పోశారో రసీదులో రాయించండి. ఐసు గట్టు కట్టాక సుత్తి, గొడ్డలి వద్దు, షింగిల్స్ పగులుతాయి, ఉప్పు చల్లొద్దు. మంచు పడ్డ వెంటనే నేల మీద నిలబడి రూఫ్ రేక్ (కప్పు మీది మంచు లాగే పొడుగు కర్ర)తో అంచు నుంచి మూడు నాలుగడుగులు లాగేస్తే చాలావరకు ఆగుతుంది.

ఈయన దగ్గర చేయించుకున్నవాళ్ళు స్కేలు కింద తవ్వి, సున్నా కనబడుతుందో లేదో చూసి నాకు మెసేజ్ పెట్టండి, కోర్టుకి పనికొస్తుంది. ఆ ఎర్రిటుకల పొగగొట్టం ఉన్న ఆటిక్ మీలో ఎవరిదైనా అయితే మాత్రం తప్పకుండా చెప్పండి. ఒక్క ఇంట్లోనైనా పని జరిగిందని తెలుస్తుంది.